రక్తములోని పసుపు

కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతములలో పసుపు పంట ఇంటికి వచ్చు దినములలో మీరెవరైన ఆ దారిని పోయియున్నచో, ఉడికించి ఆరబోసిన కొమ్ముల వాసన మీకు గుర్తుండక మానదు. ఆ సీమలో పసుపు పంట మాత్రమే కాదు. అది శుభము, అది మందు. గడపకు పసుపు, తాళికి పసుపు, పురిటిబిడ్డ ఒంటికి నలుగుతోపాటు పసుపు. అట్టి చోట నాలుగు దినముల పసికందును చూచి "బిడ్డ పచ్చగున్నది" అని పొరుగామె అనినచో, "పసుపు పెట్టి తానం పోసినం గద, అట్లనే ఉంటది" అని ఇంటి పెద్దామె సమాధానము చెప్పుట సహజమే. ఆ సమాధానము చాలమారులు నిజమే కావచ్చును. నిజము కాని మారు ఏమి జరుగునో, ఆ సంగతి ఒక చుక్క రక్తములో ఎట్లు తెలియునో ఈనాడు మీతో ముచ్చటింపదలచితిని.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములలో నేడు రక్తపరీక్ష వింత కాదు. "బిలిరుబిన్ ఎంత ఉన్నది?" అను ప్రశ్న బీడీలు చుట్టు అమ్మలకును, మరమగ్గముల మీద పనిచేయు అన్నలకును తెలిసినదే. కాని ఆ చీటీమీది అంకెను సంతలో ధర విచారించినట్లు చూచుట మనకు అలవాటైనది. పెరిగినచో భయము, తగ్గినచో సంతోషము. ఆ అంకె అట్లు ఒంటరిగా చదువదగినది కాదు. దాని ప్రక్కన మరియొక అంకె ఉండవలెను. పసిబిడ్డ విషయములో బిడ్డ వయస్సు గంటలలో వ్రాసి ఉండవలెను. ఆ రక్తము ప్రయోగశాలకు ఏ తీరున చేరినదో కూడ తెలియవలెను. ఈ మూడును లేని అంకెను నమ్మి కొందరు వృథాగా బెంగపడుదురు. కొందరు బెంగపడవలసిన వేళ నిశ్చింతగా ఉందురు. రెండవదియే ప్రమాదము.

అసలు ఈ బిలిరుబిన్ ఎక్కడనుండి వచ్చును? మన రక్తమునకు ఎరుపునిచ్చు ఎర్రకణముల ఆయువు సుమారు 120 దినములు. ఆయువు తీరిన కణములను ప్లీహము మొదలగు అవయవములు పట్టి విడదీయును. వానిలోని ఇనుమును శరీరము దాచుకొనును. మాంసకృత్తును మరల వాడుకొనును. మిగిలిన వర్ణద్రవ్యము మొదట ఆకుపచ్చగాను, పిదప పసుపుపచ్చగాను మారును. దీనిని కన్నులార చూచుటకు ప్రయోగశాల అక్కరలేదు. మోకాలికి దెబ్బ తగిలినపుడు కమిలిన చోటు మొదట నల్లనై, కొన్ని దినములకు ఆకుపచ్చని ఛాయ పొంది, తుదకు పసుపై మాయమగుట మనమందరము చిన్ననాట చూచినదే. ఆ పసుపే బిలిరుబిన్. ఆరోగ్యవంతుడైన పెద్దవాని శరీరములో దినమునకు 250 నుండి 300 మిల్లీగ్రాముల వరకు ఇది పుట్టుచునే ఉండును. ఇంటిలో దినదినము చెత్త పుట్టుట ఎంత సహజమో ఇదియు అంతే. అది బయటకు పోవు దారిలో ఎక్కడనో అడ్డు వచ్చినపుడును, ఊడ్చుటకు మించి పుట్టినపుడును చిక్కు వచ్చును. అపుడు కన్నులు, చర్మము పచ్చబడును. దీనినే మనవారు పస్కలు, పసిరికలు, కామెర్లు అని ఊరికొక పేరుతో పిలుచుచున్నారు.

ఆ దారి ఎట్టిదో కొంచెము చూతము. క్రొత్తగా పుట్టిన బిలిరుబిన్ నీటిలో కరగదు. రక్తములోని ఆల్బుమిన్ అను మాంసకృత్తు దానిని మోసికొని కాలేయమునకు చేర్చును. అక్కడ అది గ్లూకురోనిక్ ఆమ్లముతో ముడిపడి, నీటిలో కరగు రూపము పొందును. సిరిసిల్లలో నూలుకు రంగు వేయువారికి ఈ సంగతి ఎక్కువ వివరింపనక్కరలేదు. కొన్ని రంగులు నీటిలో కరగవు, ముందుగా వానిని కరగునట్లు మార్చుకొననిదే తొట్టిలో పని సాగదు. కరగిన బిలిరుబిన్ పైత్యరసముతో కలిసి ప్రేగులలోనికి దిగి, మలమునకు సహజమైన గోధుమరంగు నిచ్చును. అందుచేతనే పైత్యము దిగు నాళము మూసికొనినపుడు మలము సున్నపుముద్దవలె తెల్లబడును. దారి దొరకని రంగు మూత్రములోనికి దిగి దానిని టీ డికాక్షను వలె చేయును.

కరగనిది, కరగునది అను ఈ రెంటిని వేరువేరుగ కొలుచుటయే ఈ పరీక్షలోని మెలకువ. 1883లో జర్మనీ దేశమున పాల్ ఎర్లిక్ అను పండితుడు, సల్ఫానిలిక్ ఆమ్లమునకు సోడియం నైట్రైటు చేర్చి చేసిన ద్రవము బిలిరుబిన్‌తో కలిసి ఎర్రని రంగు నిచ్చునని కనుగొనెను. హాలెండు దేశపు వైద్యుడు హైమన్స్ వాన్ డెన్ బర్గ్ దానిని రక్తపరీక్షకు తెచ్చెను. కొందరి రక్తములో రంగు వెంటనే వచ్చుటయు, మరికొందరి రక్తములో ఆల్కహాలు చేర్చినగాని రాకుండుటయు ఆయనయు ఆయన సహచరుడు ముల్లరును గమనించి 1916లో ప్రకటించిరి. వెంటనే రంగు నిచ్చునది "డైరెక్ట్", ఆల్కహాలు కోరునది "ఇన్‌డైరెక్ట్". నేటికిని మన చీటీల మీద అచ్చగుచున్నవి ఆ రెండు మాటలే. మొదటిది కాలేయము ముడివేసి కరగజేసిన రూపమనియు, రెండవది ముడిపడని రూపమనియు స్పష్టముగ తేలుటకు మరి నలువది సంవత్సరములు పట్టెను. ఈలోపుగనే 1937లో మల్లాయ్, ఎవెలిన్ అనువారును, 1938లో యెంద్రాషిక్, గ్రోఫ్ అనువారును కొలతను మెరుగుపరచిరి. ఈనాటి యంత్రములలో నడచుచున్నవి చాలవరకు ఆ పద్ధతుల మారురూపములే.

రంగు ఎంత గాఢమైనచో ద్రవ్యమంత ఎక్కువ: సూత్రమింతే. రంగుతొట్టి యొద్ద నిలుచు పనివాడు నూలుచిలపను వెలుతురులో పట్టి నమూనాతో పోల్చి చూచును గదా. యంత్రము ఆ పనినే కాంతికిరణముతో, అలసట లేకుండ చేయును. ఈ విద్యలో మన తెలుగువాని చేయి కూడ ఉన్నదని చెప్పకుండ ముందుకు పోలేను. 1895లో భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కె అను ఆచార్యునితో కలిసి, రక్తములోని భాస్వరమును నీలిరంగుగా మార్చి కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. ఫిస్కె–సుబ్బారావు పద్ధతి అను పేరుతో అది ప్రపంచమందలి ప్రయోగశాలలన్నిట వ్యాపించినది. బిలిరుబిన్ పరీక్ష ఆయనది కాదు. కాని రంగును చూచి రక్తమును చదువు ఆ తరమువారి విద్య ఒక్కటే.

ఇక చీటీ చేతికి వచ్చినదనుకొందము. పెద్దలలో మొత్తము బిలిరుబిన్ ఒక డెసిలీటరు, అనగా 100 మిల్లీలీటర్ల సీరములో, సాధారణముగ 1.2 మిల్లీగ్రాములకు లోపు. అందులో డైరెక్ట్ 0.3 లోపు. కంటిలో పసుపు కనబడుటకు మొత్తము 2 లేక 3 దాటవలెను. ఇది గుర్తుంచుకొనుడు, ఏలనగా కన్ను చెప్పుటకు ముందే రక్తము చెప్పగలదు.

గల్ఫు దేశములకు పోవదలచిన యువకుడొకడు ఒకనాడు నాయొద్దకు వచ్చెను. కోరుట్ల ప్రక్క పల్లె. ప్రయాణమునకై వైద్యపరీక్ష చేయించుకొనగా బిలిరుబిన్ 2.1 వచ్చినది. "నాకు పస్కలున్నయట సారూ, వీసా పోతదేమో" అని కంట నీరు పెట్టుకొనెను. ఏజెంటుకు అప్పు తెచ్చి కట్టిన డబ్బు సంగతి నేనడుగలేదు, అతడు చెప్పకయు ఉండలేదు. చీటీలోని రెండవ అంకె చూచితిని: డైరెక్ట్ 0.3 మాత్రమే. ఎస్.జి.పి.టి. సరిగానే ఉన్నది, రక్తహీనత లేదు. ముందురోజు సాయంకాలము మొదలు ఏమియు తినకుండ పరీక్షకు పోయితినని చెప్పెను. కొందరికి కాలేయములో ముడివేయు శక్తి పుట్టుకతోనే కొంచెము తక్కువ. ఉపవాసము, జ్వరము, అలసట కలిగినపుడు వారి బిలిరుబిన్ కొద్దిగా పెరిగి తగ్గును. ఫ్రాన్సు దేశపు వైద్యుడు గిల్బర్ట్ 1901లో దీనిని వర్ణించెను గనుక ఆయన పేరే దీనికి నిలిచినది. ఇది రోగము కాదు, మందు అక్కరలేదు. కడుపునిండ తిని కొన్ని దినముల తరువాత మరల పరీక్ష చేయించుకొనుమని చెప్పి పంపితిని, 1.3 వచ్చినది. ఒక్క అంకె చూచి బెదరిన వానికి ప్రక్క అంకె ధైర్యము చెప్పినది.

గల్ఫు మాట వచ్చినది గనుక మరియొక చిన్న సంగతి. దుబాయినుండియో మస్కట్టునుండియో కొడుకు ఫోను చేసి "నాకు బిలిరుబిన్ 20 ఉన్నదట" అని చెప్పగా ఇక్కడ తల్లిదండ్రులు గుండెలు బాదుకొనిన సందర్భములు నేనెరుగుదును. ఆ దేశములలోని చాల ఆసుపత్రులు మిల్లీగ్రాములలో కాక మైక్రోమోలులలో అంకె వ్రాయును. మన 1 మిల్లీగ్రాము వారి 17.1 మైక్రోమోలులకు సమానము. వారి 20 అనగా మన 1.2 కంటె కొంచెము తక్కువ. సేరు, కిలో భేదమును చూడక ధర చెప్పినట్లన్నమాట.

పెద్దలలో నిజముగా కామెర్లు వచ్చినపుడు మొత్తము పెరిగినదా అని కాక, ఏ భాగము పెరిగినదని చూడవలెను. ఇన్‌డైరెక్ట్ మాత్రమే పెరిగినచో ఎర్రకణములు మితిమీరి పగులుచున్నవేమో విచారింపవలెను. డైరెక్ట్ పెరిగినచో కాలేయపు వాపో, నాళములో రాయియో, మరే అడ్డమో ఉండవచ్చును. నీటివలన వచ్చు కామెర్లు మన దేశములో ఎంత ఉద్ధృతముగ రాగలవో 1955–56 చలికాలమున ఢిల్లీ నగరము చూచినది. యమునా జలములో మురుగు కలియుటవలన సుమారు 29,000 మందికి కామెర్లు సోకినవి. ఆ వ్యాధికి హెపటైటిస్-ఇ అని తరువాతి కాలమున పేరు పెట్టిరి. సామాన్యులలో అది కొన్ని వారములలో తానై తగ్గును. నెలలు నిండుచున్న గర్భిణికి సోకినచో నూటికి ఇరువదిమంది వరకు ప్రాణము కోల్పోయినట్లు వైద్యగ్రంథములు చెప్పుచున్నవి. గర్భిణి కన్ను పచ్చబడినచో ఆ దినమే ఆసుపత్రికి పోవలెను. మరునాటి వరకు ఆగకూడదు.

ఇచ్చట పసరువైద్యమును గూర్చి ఒక మాట. దానిని నమ్మువారిని నేను ఎగతాళి చేయను. మా ఇంటనే నమ్మినవారు గలరు. కాని ఆలోచింపుడు. తానై తగ్గు కామెరకు మూడు ఆదివారములు పసరు పోసిన, మూడవ ఆదివారమునాటికి తగ్గును, పోయకున్నను తగ్గును. చేతులకు ఏదో పూసి సున్నపునీటితో కడిగించి, "ఇదిగో పస్కలు దిగుచున్నవి" అని పళ్ళెములో పచ్చనినీరు చూపువారు గలరు. మామిడిబెరడు రసము సున్నపునీటితో కలిసినచో ఎవరి చేతినుండియైనను ఆ పసుపు దిగును. నా చేతినుండియు దిగినది. పసరువలన నష్టము అన్నివేళల దానిలో లేదు, దానికై పోయిన దినములలో ఉన్నది. నాళములో రాయి అడ్డుపడినవానికి, రోజురోజుకు మత్తు కమ్ముచున్నవానికి ఆ దినములు తిరిగిరావు. ముంజేతికి, పొట్టకు వాతలు పెట్టుటను గూర్చి మాత్రము నాకు ఓర్పు లేదు. పచ్చబడిన పసిబిడ్డకు వాత పెట్టిన మచ్చలు నేను చూచితిని.

ఆ పసిబిడ్డల సంగతియే నేను ముఖ్యముగ చెప్పవలసినది.

నెలలు నిండి పుట్టిన బిడ్డలలో నూటికి అరువదిమందికి, నెలలు తక్కువై పుట్టినవారిలో ఎనుబదిమందికి మొదటి వారములో ఎంతో కొంత పసుపు వచ్చును. పుట్టినబిడ్డకు ఎర్రకణములు ఎక్కువ, వాని ఆయువు తక్కువ. కాలేయము ఇంకను పని నేర్చుకొనుచుండును. చాలమందిలో అది వారము పది దినములలో తానే పోవును. కాని ముడిపడని బిలిరుబిన్ మితిమీరినచో మెదడులోనికి దిగి అక్కడి భాగములకు పసుపు పట్టించును. ఆ బిడ్డ బ్రతికినను వినికిడి పోవచ్చును, కాలు చేయి స్వాధీనము తప్పవచ్చును. ఒకమారు పట్టిన ఆ పసుపు కలిగించిన హాని మరల తీరునది కాదు. ముందుగ కనిపెట్టినచో నిలుపుటకు నీలికాంతి చాలును. ఇంత పెద్ద నష్టమునకు, ఇంత సులువైన నివారణకు మధ్య ఉన్నది మడమమీద ఒక సూదిపోటు.

కష్టమెక్కడ? ఆసుపత్రిలో కానుపైన తల్లి సుఖప్రసవమైనచో రెండు దినములకు ఇంటికి వచ్చును. బిలిరుబిన్ గరిష్ఠస్థాయికి చేరునది మూడవ దినము మొదలు అయిదవ దినము వరకు. అనగా వైద్యుని కన్ను తప్పిన తరువాత. ఇంటిలో పురిటిగది చీకటి, గాలి తగులునని కిటికీ మూయుదురు, ఒంటికి పసుపు. ఇంక ఎవరికి కనబడును? బిడ్డను పగటి వెలుతురులోనికి తెచ్చి, నుదుటిమీదను రొమ్ముమీదను వ్రేలితో మెల్లగా నొక్కి విడిచి చూడవలెను. నొక్కిన చోట పసుపు తేలునా? పసుపు ముఖమునుండి క్రిందికి దిగును. అరచేతులకు, అరికాళ్ళకు దిగినదన్న ఒక్క గంటయు ఆలసింపకూడదు. పుట్టిన మొదటి 24 గంటలలో పసుపు కనబడుట ఎపుడును సహజము కాదు. పాలు త్రాగక మత్తుగా పడియున్నను, కీచుగొంతుతో ఏడ్చినను, వెనుకకు విల్లువలె వంగినను అంకెకై కాచుకొనక పరుగెత్తవలెను. తల్లి రక్తము ఆర్.హెచ్. నెగటివు అయినచోను, ఓ గ్రూపు అయినచోను మరింత జాగ్రత్త. మరియొకటి: బిడ్డ బట్టల పెట్టెలో కలరా ఉండలు వేయకుడు. కొందరు బిడ్డలకు పుట్టుకతోనే జి-6-పి.డి. అను ఎంజైము తక్కువ. ఆ ఉండల ఆవిరి తగిలినంతనే వారి ఎర్రకణములు పగిలి పసుపు ఒక్కమారుగ పెరుగును.

కంటిచూపు అనుమానము కలిగించును గాని కొలత చెప్పదు. చామనచాయ బిడ్డలలో అనుభవజ్ఞులైన నర్సులును మోసపోవుదురు. కనుక రక్తము తీయవలెను. తీసిన గంట వ్రాయవలెను. 30 గంటల బిడ్డకు 15 వచ్చినచో వెంటనే దీపము క్రింద పెట్టవలెను. నెలలు నిండి పుట్టి, చక్కగ పాలు త్రాగు అయిదవనాటి బిడ్డకు అదే 15 వచ్చినచో తరచుగ కనిపెట్టి చూచుట చాలవచ్చును. అంకె ఒక్కటే, అర్థములు రెండు. చీటీ మీద "వయస్సు: 4 రోజులు" అని వ్రాయుటకును "92 గంటలు" అని వ్రాయుటకును గల భేదమిది.

రెండు వారములు దాటినను పసుపు పోని బిడ్డలలో మరల ఆ రెండవ అంకె పైకి వచ్చును. మొత్తము 7 లేక 8 మాత్రమే ఉండవచ్చును. "తగ్గుచున్నది గదా" అని ఇంటివారు ఊరడిల్లుదురు. డైరెక్ట్ భాగము ఎక్కువగ నుండి, మలము తెల్లగ, మూత్రము గుడ్డకు మరక పట్టునట్లు ఉన్నచో పైత్యనాళములు మూసికొనిపోయిన బిడ్డ కావచ్చును. జపాను శస్త్రవైద్యుడు మోరియో కసాయ్ దీనికి ఒక శస్త్రచికిత్స కనిపెట్టెను. బిడ్డకు రెండు నెలలు నిండకమునుపే చేసినచో ఫలితము మెరుగు. ఆ బిడ్డకు ఎండ చూపించుచు నెలలు గడపుట దానికున్న కొద్దికాలమును హరించుటయే.

ఎండ మాట అనగానే ఒక కథ చెప్పవలెను. 1956లో ఇంగ్లండులోని ఎసెక్స్ ప్రాంతమున రాచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో సిస్టర్ వార్డ్ అను నర్సు, నెలలు తక్కువ బిడ్డలను అప్పుడప్పుడు తోటలోనికి ఎండకు తీసికొనిపోవుచుండెడిది. ఒకనాడు వైద్యులకు ఒక బిడ్డను చూపగా, ఒళ్ళంతయు పసుపు తగ్గియున్నది. దుప్పటికొస కప్పిన చోట మాత్రము ముక్కోణముగ పసుపు మిగిలియున్నది. కొన్ని వారములకు అచ్చటనే మరియొక వింత. ఒక బిడ్డ రక్తపు గొట్టమును ప్రయోగశాలలో కిటికీ గట్టుమీద ఎండలో మరచిరి. తరువాత కొలువగా బిలిరుబిన్ అనుకొన్నదానికంటె చాల తక్కువ వచ్చెను. కాంతి బిలిరుబిన్‌ను మార్చివేయునని దీనివలన తేలినది. క్రెమర్, పెరిమన్, రిచర్డ్స్ అను మువ్వురు 1958లో నీలికాంతి చికిత్సను ప్రకటించిరి. ఐనను గుమ్మములో ఎండకు పట్టుకొని కూర్చుండుట ఆ చికిత్సకు బదులు కాదు. దాని మోతాదు ఎవరికి తెలియదు, మన ఎండకు బిడ్డ ఒళ్ళు కాలును.

కాని ఆ కథలో నాకు ఎపుడును నిద్రపట్టనీయని భాగము కిటికీ గట్టుమీది గొట్టము. ఏలనగా అదే తప్పు నేను చేసితిని. చాల యేండ్ల క్రిందట, మా చిన్న ప్రయోగశాలకు వైశాఖమాసపు ఎండలో ఒక తాత రక్తపు గొట్టము పట్టుకొని వచ్చెను. మనుమరాలు నెల నిండుటకు మూడు వారముల ముందు పుట్టినది, నాలుగవ దినము. గొట్టము తెల్లని ప్లాస్టిక్కు సంచిలో ఉన్నది. ఆయన రెండు బస్సులు మారి వచ్చినాడు. అపుడు కరెంటు లేదు. వచ్చువరకు ఉండనిమ్మని గొట్టమును నేను కిటికీ వద్ద నిలిపితిని. కరెంటు వచ్చిన తరువాత కొలిచితిని: 13. "ఎంతుంది సారూ?" అని తాత అడిగెను. "భయము లేదు తాతా" అని చెప్పితిని. ఆ మాట ఆయన ముఖమున తెచ్చిన వెలుగు నేను మరువలేదు.

బిడ్డను చూచుచున్న వైద్యురాలు ఆ అంకెను నమ్మలేదు. అరికాళ్ళు పచ్చగ నున్న బిడ్డకు 13 ఏమని ఫోనులో నన్నడిగిరి. అపుడు కిటికీ వైపు చూచితిని. మరల రక్తము తీయించి, గొట్టమునకు నల్లకాగితము చుట్టి తెమ్మంటిని. ఈమారు 20. బిడ్డను ఆ సాయంకాలమే దీపము క్రింద పెట్టిరి. వైద్యురాలు తన కంటిని నమ్మక నా అంకెను నమ్మియున్నచో ఏమగునో చెప్పనక్కరలేదు.

నాటికి నేటికి పరిస్థితి మారినది. 2016 అక్టోబరు 11న జగిత్యాల, సిరిసిల్ల జిల్లా కేంద్రములైనవి. 2021 జూన్ నెలలో ప్రభుత్వము 19 జిల్లాలలో ఒక్కమారుగ తెరచిన తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కేంద్రములలో ఈ రెండు ఊళ్ళును చేరినవి. మొదటనే 57 రకముల పరీక్షలు ఉచితముగ మొదలైనవి. పల్లెలోని ప్రాథమిక ఆరోగ్యకేంద్రములో రక్తము తీసి, బండిలో జిల్లా కేంద్రమునకు పంపుదురు; ఫలితము ఫోనుకు వచ్చును. 2022లో జగిత్యాలలో, 2023లో సిరిసిల్లలో వైద్యకళాశాలలు మొదలైనవి. వెనుకటి తాతవలె రెండు బస్సులు మారవలసిన అగత్యము చాలమందికి తప్పినది. కాని రక్తము ప్రయాణము చేయుట మాత్రము తప్పలేదు. మనిషికి బదులు గొట్టము తిరుగుచున్నది. ఎండలకు పేరుపడిన జగిత్యాల సీమలో ఆ గొట్టము చల్లగను చీకటిగను చేరవలెను. మంచుపెట్టెలో పెట్టినను మంచు నేరుగ తగులరాదు; కణములు పగిలి సీరము ఎర్రబడినచో కొలత తప్పును. సన్ననిసూదితో బలముగ లాగినను, గొట్టమును గట్టిగ కుదిపినను అంతే. దీపము క్రింద నున్న బిడ్డకు రక్తము తీయునపుడు దీపమార్పి తీయవలెను. మీ బిడ్డకు రక్తము తీయుచున్న సోదరిని "గొట్టమునకు నల్లకాగితము చుట్టుదువా అమ్మా? గంట వ్రాసితివా?" అని అడుగుటకు సంకోచింపకుడు. తెలిసినవారు ఆ ప్రశ్నకు కోపింపరు.

ఆ మనుమరాలికి రెండు దినములు దీపము పెట్టిన పిదప 11కు దిగినది. దీపము తీసిన మరునాడు మరల పెరిగినదేమో చూడవలెను గనుక ఇంకొకమారు రక్తము తీసిరి. ఈమారు ఆ తాత ఎవరి మాటకును ఎదురుచూడలేదు. గొట్టమును తన నల్లరుమాలులో నాలుగు మడతలు చుట్టి, దానిని అంగీ లోపలి జేబులో పెట్టుకొని, పైన అరచేయి అదిమిపట్టి తెచ్చెను. చీటీని ముందుగ నా చేతికిచ్చి, అందులో గంట వ్రాసియున్న చోటు వ్రేలితో చూపెను. కొలిచితిని: 10.